నాకు నచ్చిన చుక్క

ముప్పయ్యేళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి ఉండకపోతే ఈ తెలివితక్కువ పని నేను చేసి ఉండేవాణ్ణి కాదు. మనవరాలికి రక్తం తక్కువగా ఉందని అంగన్‌వాడీలో అన్నప్పుడు అందరు తాతల్లాగే కాస్త కంగారుపడి, వాళ్లిచ్చిన సిరప్ తెచ్చి పట్టించేవాణ్ణి. అక్కడితో అయిపోయేది. నేను ఆ మాట వినగానే పిల్ల వైపు చూడలేదు, యంత్రం వైపు చూశాను.

బుజ్జికి అప్పటికి రెండేళ్లు దాటాయి. మా అమ్మాయికి గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది. పగలంతా పిల్ల తెనాలిలో మా దగ్గరే. ఆ రోజు అంగన్‌వాడీకి ఏఎన్ఎమ్ వచ్చింది, పిల్లలందరికీ హెచ్‌బీ చూస్తున్నారు, తీసుకురండి అని కబురొస్తే నేనే ఎత్తుకుని వెళ్లాను.

నర్సమ్మ బుజ్జి ఉంగరపు వేలు పట్టుకుని స్పిరిట్ దూదితో తుడిచింది. తడి ఆరకముందే గుచ్చింది. పిల్ల చెయ్యి చల్లగా ఉంది, పైగా గుప్పిట బిగించి ఏడుస్తోంది. చుక్క సరిగ్గా రాలేదు. వేలి మొదలు నుంచి కొస దాకా గట్టిగా ఒత్తింది. పైకి తేలిన మొదటి బొట్టునే చిన్న ప్లాస్టిక్ ముక్క అంచుకు తాకించింది. ఆ ముక్కను యంత్రంలోకి తోస్తే నిమిషం లోపే 9.4 అని వచ్చింది.

నేను ఈ లోపల తప్పులు లెక్కపెట్టుకుంటున్నాను. స్పిరిట్ ఆరకపోతే అది రక్తంలో కలుస్తుంది, రీడింగు చెడుతుంది. వేలు ఒత్తితే కణాల మధ్య ఉండే నీరు కూడా రక్తంతో పాటు బయటికొచ్చి దాన్ని పలచన చేస్తుంది. మొదటి బొట్టు తుడిచేసి తర్వాతిది తీసుకోవాలి. చల్లటి చేతిని ముందు రుద్ది వెచ్చబరచాలి. ఆ ప్లాస్టిక్ ముక్కలో గాలి బుడగ చేరిందో లేదో వెలుతురుకి పెట్టి చూడాలి. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఇవే చెబుతాను.

"ఈ రీడింగు చెల్లదమ్మా" అన్నాను, నలుగురు తల్లులు వింటుండగా.

ఆవిడ తలెత్తలేదు. రిజిస్టరులో అంకె రాసుకుంటూ, "సిరప్ తీసుకెళ్లండి మాస్టారూ. మామూలు పిల్లలకైతే వారానికి రెండుసార్లు ఒక ఎమ్మెల్ చాలు. మీ పాపకి పది లోపుంది, ఓసారి డాక్టరు గారికి చూపిస్తే రోజూ వేయాల్సిన డోసు చెప్తారు" అంది. వెనక ఇంకా బారెడు వరుస ఉంది. నా ఉపన్యాసానికి ఆవిడ దగ్గర టైము లేదు, ఆ సంగతి నాకు అప్పుడు అవమానంగా తోచింది.

సీసా తీసుకున్నాను. తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. సీలు తీయలేదు.

నాకు ఈ విషయంలో ఎందుకంత పట్టుదల వచ్చిందో కొంచెం చెప్పాలి. మా కాలేజీలో జువాలజీ ల్యాబు మా పక్కనే. వాళ్ల ప్రాక్టికల్స్‌లో హిమోగ్లోబిన్ కొలవడం ఉండేది, సాహ్లీ పద్ధతి. దానికి కావలసిన ఎన్ బై టెన్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ నేనే కలిపి ఇచ్చేవాణ్ణి. గాజు గొట్టంలో ఆ యాసిడ్ పోసి, సన్నటి పిపెట్‌తో ఇరవై ఘనపు మిల్లీమీటర్ల రక్తం పీల్చి అందులో వదిలితే గోధుమరంగుకి తిరుగుతుంది. పది నిమిషాలాగి, డిస్టిల్డ్ వాటర్ చుక్క చుక్కగా వేస్తూ కలుపుతూ, పక్కనున్న గోధుమరంగు గాజుతో సరిపోయిందనిపించే దాకా పోవాలి. సరిపోయిందని అనిపించడం — అదే దాని జబ్బు. కిటికీ దగ్గర కూర్చున్న కుర్రాడికి ఒకటి వస్తుంది, గోడ పక్కన కూర్చున్నవాడికి ఇంకొకటి. పక్కవాడి రికార్డులో పన్నెండున్నర ఉందని తెలిస్తే మూడోవాడి కంటికి కూడా పన్నెండున్నర దగ్గరే రంగు కుదురుతుంది. స్విట్జర్లాండు డాక్టరు హెర్మన్ సాహ్లీ 1902లో తెచ్చిన ఈ పరికరం మన ఊళ్ల ఆసుపత్రుల్లో దశాబ్దాల పాటు పనిచేసింది. పసిపిల్లల విషయంలో దానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ పుట్టాక కొన్ని నెలలు వాళ్ల ఒంట్లో మిగిలి ఉంటుంది, అది యాసిడ్‌కి సరిగా లొంగి రంగు మారదు.

దాని తర్వాత మేం డ్రాబ్‌కిన్ ద్రావణానికి మారాం. పొటాషియం ఫెర్రిసయనైడ్, పొటాషియం సయనైడ్ కలిసినది. బీరువాకి తాళం, తాళం నా జేబులో. ఐదు మిల్లీలీటర్ల ద్రావణంలో ఇరవై మైక్రోలీటర్ల రక్తం కలిపి, 540 నానోమీటర్ల దగ్గర కలరీమీటర్‌లో పెడితే అంకె వస్తుంది. కళ్లతో పనిలేదు, పక్కవాడి రికార్డుతో పనిలేదు. ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్న పద్ధతి ఇదే, మిగతా యంత్రాలన్నిటినీ దీని పక్కన పెట్టి సరిచూసుకుంటారు. నిజానికి నర్సమ్మ చేతిలో ఉన్న యంత్రం కూడా ఈ వంశంలోదే. 1980లలో స్వీడన్ వాళ్లు సయనైడ్‌కి బదులు అజైడ్ వాడి, మందు మొత్తాన్ని ఎండబెట్టి పది మైక్రోలీటర్లు పట్టే ప్లాస్టిక్ ముక్కలోకి ఎక్కించారు. సయనైడ్ బీరువా అక్కర్లేదు, ద్రావణం కలపక్కర్లేదు. చెట్టు కింద కూర్చుని కొలవచ్చు. ఆ ముక్కలున్న డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే తేమ తగిలి పాడవుతాయి, అదొక్కటే పేచీ. ఇదంతా తెలిసినవాణ్ణి గనక నాకు యంత్రం మీద గౌరవం ఉండాలి. లేదు. దాన్ని పట్టుకున్న చెయ్యి మీద అనుమానమే మిగిలింది.

ఇక మర్నాటి నుంచి కాలువ గట్టు మీద నడకలో నా ప్రసంగాలు మొదలయ్యాయి. మా బృందంలో పోస్టాఫీసు నుంచి రిటైరైన ఒకాయన, ఇద్దరు టీచర్లు, బియ్యం వ్యాపారి ఒకాయన. వాళ్లకి నేను చెప్పిన లెక్క ఇది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత. మన ఆంధ్రలో 63.2. దానికి కొద్దిగా ముందు, 2016–18లో, సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ఒకటి జరిగింది. అందులో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో తేలింది 41 శాతమే. మొదటి సర్వేలో వేలికొన చుక్క, వెంట తీసుకెళ్లే చిన్న యంత్రం. రెండోదానిలో మోచేతి దగ్గర సిర నుంచి సిరంజితో తీసిన రక్తం, ల్యాబులో ఆటోమేటిక్ కౌంటరు. "చూశారా, పద్ధతి మారితే పావువంతు జబ్బు మాయమైంది!" అనేవాణ్ణి. అంతటితో ఆగకుండా, ఆరో విడత కుటుంబ సర్వేలో ఈ పరీక్షనే తీసేశారని, సిర రక్తంతో కొలిచే పనిని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేసే వేరే సర్వేకి అప్పగించారని చెప్పి, అదంతా నా వాదనకి సర్కారు వేసిన ముద్ర అన్నట్టు నవ్వేవాణ్ణి.

చెప్పకుండా దాటేసినవి చాలా ఉన్నాయి. రెండు సర్వేల్లో పిల్లల వయసులు ఒకటి కావు. ఏడాది లోపు పిల్లల్లో రక్తహీనత ఎక్కువ, వాళ్లు ఒక దానిలో ఉన్నారు, ఇంకో దానిలో లేరు. జరిగిన సంవత్సరాలూ వేరు. పద్ధతిలో తేడా పెద్ద కారణమే, కానీ మొత్తం తేడా దానిదే అనడానికి వీల్లేదు. ఇవన్నీ ఒక ఎత్తు. 41 అనే అంకెని నేను నోటితో పలుకుతూ దాన్ని సున్నా అన్నట్టు వినడం ఇంకో ఎత్తు. నేను మెచ్చుకునే పద్ధతిలో, సిరంజితో తీసి, ఖరీదైన యంత్రంలో పెట్టి చూసినా పదిమంది పిల్లల్లో నలుగురికి రక్తం తక్కువే. ఆ నలుగురిలో మా పిల్ల ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. ఇంతమంది రిటైరైనవాళ్లం రోజూ నడుస్తూ మాట్లాడుకున్నాం, ఒక్కరికీ ఆ మాట తట్టలేదు.

ఇంట్లో మా ఆవిడకి తట్టింది.

ఆవిడ దగ్గర సర్వేలు లేవు. బుజ్జి మేడమెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో కూర్చుండిపోతోందని గమనించింది. సాయంత్రం వీధిలో పిల్లలు పరుగులు పెడుతుంటే ఇది గడప మీద కూర్చుని చూస్తోందని చెప్పింది. ఓ మధ్యాహ్నం పిల్లని ఒళ్లో వేసుకుని కింది రెప్ప లాగి నాకు చూపించింది. "తెల్లగా పాలిపోయింది చూడండి." నేను కళ్లద్దాలు సర్దుకుని, కంటితో చూసి పాలిపోయిందనడం అన్ని పద్ధతుల్లోకీ నమ్మదగనిదని, బాగా ముదిరిన కేసులే అలా దొరుకుతాయని, వెలుతురును బట్టి కూడా మారుతుందని వివరించాను. ఆవిడ మారుమాట్లాడకుండా వెళ్లి ఎదురింటి పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది. ఇద్దరినీ వరండాలో ఒకే వెలుతురులో నిలబెట్టి, ఇద్దరి రెప్పలూ లాగింది. వాడిది గులాబీరంగులో ఉంది. దీనిది ఉప్పు నీళ్లలో నానేసిన కాగితంలా ఉంది. "ఒక్కరితో పోల్చి తేల్చడానికి వీల్లేదు" అన్నాను. ఆవిడ ఆ మాటకి ఇచ్చిన సమాధానం ఇక్కడ రాయను.

ఆవిడ పోరు పడలేకే ప్రైవేటు ల్యాబుకి తీసుకెళ్లాను. హెచ్‌బీ ఒక్కటే చూడమన్నాను. మిగతావి ఎందుకు, డబ్బు దండగ అనుకున్నాను. ఇప్పుడు చెప్పబోయే ముక్కే ఈ మొత్తంలో నాకు బాగా సిగ్గనిపించేది. ల్యాబు కుర్రాడు సిరంజి తీసి మోచేతి దగ్గర నరం కోసం తడిమాడు. పిల్ల బొద్దుగా ఉంది, గింజుకుంటోంది, నరం దొరకలేదు. "వేలి నుంచి తీసేస్తాను సార్" అన్నాడు. సరేనన్నాను. వాడూ స్పిరిట్ రాశాడు, వాడూ ఆరనివ్వలేదు. వాడూ ఒత్తాడు. వాడూ మొదటి బొట్టే పట్టాడు. వాడి దగ్గరున్నదీ అరచేతిలో పట్టే యంత్రమే. 11.3 వచ్చింది.

ఐదేళ్ల లోపు పిల్లలకి 11 దాటితే రక్తహీనత లేనట్టే. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఏ తప్పులనైతే అంగన్‌వాడీలో వరసగా లెక్కపెట్టానో, అవే నా కళ్లముందు మళ్లీ జరిగితే ఒక్కటీ కనపడలేదు. ఆ స్లిప్పు మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని కాలువ గట్టుకి వెళ్లాను.

ఏళ్ల తరబడి మొదటి సంవత్సరం పిల్లలకి నేను చెప్పిన పాఠం ఒకటుంది. కొలతలో దోషాలు రెండు రకాలు. ఒకటి ఎప్పుడూ ఒకే వైపుకి లాగేది, ఇంకోటి ఎటు పడితే అటు చెదిరేది. వేలికొన చుక్కలో పెద్ద దోషం రెండోది. అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్లు 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే వేలి నుంచి వరసగా వచ్చిన చుక్కల్ని విడివిడిగా కొలిస్తే ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ అంకె మారిపోతోంది. సిర రక్తంతో వచ్చేంత నిలకడ రావాలంటే ఆరు నుంచి తొమ్మిది చుక్కల సగటు తీయాల్సొచ్చింది. ఇది నాకు తెలుసు, నడకలో చెప్పిన వాటిలో ఇదీ ఒకటి. దాని అర్థం ఏమిటి? 9.4 అసలు పదిన్నర కావచ్చు. ఎనిమిదిన్నర కూడా కావచ్చు. యంత్రం తప్పు చూపించవచ్చని నేను నమ్మాను. అది నాకు కావలసిన వైపే తప్పుతుందని కూడా నమ్మాను. ఏ విద్యార్థయినా పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేసేవాణ్ణి.

వానలు పడ్డాక బుజ్జికి జ్వరం వచ్చి, మూడో రోజుకీ తగ్గకపోతే పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ జ్వరం గురించి అడగాల్సినవి అడిగి, అరచెయ్యి తిప్పి చూసి, ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "పాప మట్టి గానీ, సున్నం గానీ తింటుందా?"

మట్టి తినదు. నా పాత చాక్‌పీసులు తింటుంది. రిటైరయినప్పుడు సగం వాడిన డబ్బాలు కొన్ని ఇంటికొచ్చాయి. వాటితో బుజ్జికి గచ్చు మీద బొమ్మలు గీసిపెట్టేవాణ్ణి. అది గీయడం మానేసి కొరకడం మొదలుపెట్టింది. డబ్బాలో చూస్తే ఒక్కో ముక్కకీ చివర చిన్న చిన్న పంటిగాట్లు ఉండేవి. "పంతులు మనవరాలివి అనిపించుకున్నావే" అని ముచ్చటపడి, ఆ ముక్కలు మా అమ్మాయికి ఫోటో తీసి కూడా పంపించాను. ఐరన్ తగ్గిన పిల్లలకి ఇలాంటివి తినబుద్ధవుతుందని డాక్టరమ్మ చెబుతుంటే పక్కనున్న మా ఆవిడ నా మొహంకేసి చూడకుండా గోడమీది టీకాల పట్టిక చదువుకుంది.

ఈసారి రక్తం చేతి సిర నుంచే తీశారు. అనుభవమున్న నర్సు, వెచ్చటి గది, మా అమ్మాయి ఒళ్లో పిల్ల, ఒక్క పోటుకే వచ్చింది. ఊదారంగు మూత ట్యూబులో పోసి, గడ్డకట్టకుండా మెల్లగా పైకీ కిందికీ తిప్పారు. సీబీపీ, దాంతో పాటు ఫెరిటిన్. ఏడుపు కూడా వేలు గుచ్చినప్పటి కంటే తక్కువ. అంత చిన్న పిల్లకి సిరంజితోనా అని నేనే ఇన్నాళ్లూ వెనకాడాను.

హెచ్‌బీ 8.9.

డాక్టరమ్మ దగ్గర నా జేబులోని పాత స్లిప్పు తీశాను, ఎందుకు తీశానో దేవుడికి తెలియాలి. "మొన్న ఇక్కడ 11.3 వచ్చిందండీ." ఆవిడ చూసి, "వేలి నుంచి తీశారా, చేతి నుంచి తీశారా?" అంది. వేలి నుంచి అన్నాను. "ఓహో" అంది. ఇంకేమీ అనలేదు. ముప్పయ్యేళ్లు వైవా పరీక్షలు తీసుకున్నాను, ఆ "ఓహో" నాకు బాగా తెలుసు.

తర్వాత ఆవిడ చూపుడు వేలు పెట్టి కాగితంలో కింది వరసలు చూపించింది. నేను ఇన్నాళ్లూ తగువాడింది మొదటి వరస ఒక్కదాని మీద. ఎర్రకణం సగటు పరిమాణం, ఎమ్‌సీవీ, 63. ఉండాల్సిన దానికంటే బాగా చిన్నవి. కణాల మధ్య పరిమాణంలో తేడా, ఆర్‌డీడబ్ల్యు, 19. కొన్ని చిన్నవి, కొన్ని మరీ చిన్నవి, అంటే తయారీకి సరుకు అందడం లేదు. ఆర్‌బీసీ నాలుగున్నర మిలియన్లు. "63ని 4.5తో భాగించండి, మాస్టారు గారూ" అంది. పద్నాలుగు. పదమూడు కంటే తక్కువ వస్తే తలసీమియా వాహకమేమోనని వెతుకుతారట. ఎక్కువ వస్తే మొగ్గు ఐరన్ లోపం వైపు. 1973 నుంచి వాడుతున్న చిటికె లెక్క, ఒక్కదాని మీదే ఆధారపడకూడదు గనకే ఫెరిటిన్. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో అది చెబుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకి 12 కంటే తగ్గకూడదు. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉత్తుత్తినే పైకి లేస్తుంది గనక అప్పుడు 30 దాకా అనుమానించాలి. బుజ్జికి జ్వరంలో వచ్చింది 6.

"జ్వరంతో పెరిగి ఆరండీ ఇది. నిల్వ ఎప్పుడో అయిపోయింది. హిమోగ్లోబిన్ పడిపోవడం చివరన జరిగేది."

అంటే నేను గట్టు మీద దశాంశాల గురించి వాదిస్తున్న రోజులన్నీ పిల్ల ఒంట్లో ఐరన్ అడుగంటి ఉంది. ఏ పద్ధతిలో కొలిచినా హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే కారణం తెలియదు. వేలా, సిరా అన్న వాదన తేలినా తెలియదు. నేను రక్తహీనత గురించి తగువాడుతున్నానని అనుకున్నాను, నిజానికి ఒక అంకె గురించి తగువాడాను.

ఇక్కడ నర్సమ్మే గెలిచిందని, ఆవిడ యంత్రం సరిగ్గా చెప్పిందని రాసేస్తే కథ బాగుంటుంది. మనసొప్పడం లేదు. ఆ తడి స్పిరిట్‌తో, ఆ ఒత్తిడితో వచ్చిన 9.4 నిజానికి దగ్గర పడడం కాకతాళీయమై ఉండవచ్చు. ఆవిడ గొప్పతనం అంకెలో లేదు. అనుమానం వస్తే సిరప్ ఇచ్చి డాక్టరు దగ్గరికి పొమ్మంది. పొరపాటున లేని రక్తహీనత ఉందనుకుంటే డాక్టరు దగ్గర తేలిపోతుంది. ఉన్నదాన్ని లేదనుకుంటే మా ఇంట్లో జరిగింది జరుగుతుంది. అంగన్‌వాడీలో చుక్క తీసేది ఎవరిని పై ఆసుపత్రికి పంపాలో వేరుచేయడానికి. దాని మీద దేశం లెక్క కడితే తేడా వస్తుంది, నిజమే. ఆ తేడా గురించి తార్నాకలో తలలు పట్టుకునేవాళ్లు ఉన్నారు, అది వాళ్ల పని. నేను వాళ్ల వాదన ఎత్తుకొచ్చి నా మనవరాలి మీద ప్రయోగించాను.

మందు మొదలైంది. కిలోకి మూడు మిల్లీగ్రాముల ఐరన్ చొప్పున రోజూ. బుజ్జి పది కిలోలు గనక ముప్పై మిల్లీగ్రాములు. ఫ్రిజ్ మీదున్న సీసా చూపిస్తే డాక్టరమ్మ లేబుల్ చదివి, మిల్లీలీటరుకి ఇరవై మిల్లీగ్రాములు, ఇదే వాడండి, ఒకటిన్నర ఎమ్మెల్ అంది. వేరే కొనక్కర్లేదట. పాలు రోజుకి అర లీటరు దాటనివ్వొద్దంది. మా ఇంట్లో పిల్ల ఏడిస్తే పాల సీసా, నిద్రకి పాల సీసా, అన్నం తినకపోతే "పోనీ పాలైనా తాగనీ" అని మళ్లీ సీసా. పాలలో ఐరన్ లేనట్టే లెక్క, పైగా కడుపు నిండి అన్నం తినదు.

అంతా విని బుద్ధొచ్చిందనుకున్నారా? రాలేదు. పొద్దున పేపరు చదువుతూ నేను టీ తాగేటప్పుడు బుజ్జి వచ్చి మోకాలు పట్టుకుని నిలబడుతుంది. సాసరులో కొంచెం పోసి, బిస్కెట్ ముంచి పెట్టడం మాకు అలవాటు. సిరప్ మొదలైన కొత్తలో కూడా అది ఆగలేదు. మందు వేసిన కాసేపటికే టీ బిస్కెట్. టీలో టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. ఇది నాకు తెలియదని ఎవరితోనూ అనలేను. టానిన్ ఉందో లేదో చూడడానికి ఫెర్రిక్ క్లోరైడ్ వేసి నల్లగా మారితే ఉందని రాయడం నేను చేయించిన ప్రాక్టికలే. అది చాలదన్నట్టు ఏటా ఫైనలియర్ పిల్లల్ని బస్సులో పెడన తీసుకెళ్లేవాణ్ణి, కలంకారీ అద్దకం చూపించడానికి. తుప్పుపట్టిన ఇనుపముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టి, ఆ కసిం నీళ్లు కరక్కాయ పెట్టిన బట్ట మీద అద్దితే చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలో టానిన్, కుండలో ఇనుము. "ఈ నలుపు ఉతికినా పోదర్రా" అని అక్కడ నిలబడి చెప్పినవాణ్ణి, మనవరాలి కడుపులో రోజూ పొద్దున్నే ఆ నలుపే తయారుచేశాను. మా అమ్మాయి సెలవు రోజున ఇంట్లో ఉండి చూసి సాసరు లాక్కుంది.

అప్పటి నుంచి టీ లేదు. మందు తర్వాత జామకాయ ముక్క గానీ, నిమ్మరసం పిండిన నీళ్లు గానీ. గుడ్డు రోజూ. ఆదివారం కార్జం మెత్తగా ఉడికించి అన్నంలో కలిపితే తెలియకుండా తింటుంది. సిరప్ పళ్లకి తగిలితే మరక పడుతుందని నాలుక వెనక్కి పోస్తుంది మా ఆవిడ. విరేచనం నల్లగా వస్తే నేను ఆసుపత్రికి పరిగెత్తబోయాను, అది మామూలేనని డాక్టరమ్మ ముందే చెప్పిందట. నేను అప్పుడు ఎమ్‌సీవీ గురించి ఆలోచిస్తున్నాను కాబోలు.

నెల తర్వాత మళ్లీ చూశారు. అదే ల్యాబు, అదే చేతి సిర, అదే యంత్రం. వేర్వేరు పద్ధతుల్లో వచ్చిన అంకెలు పక్కపక్కన పెట్టి పెరిగిందీ తగ్గిందీ అనకూడదని ఈసారి ఎవరూ నాకు చెప్పనక్కర్లేకపోయింది. 10.2 వచ్చింది. నెలలో ఒక్క పాయింటు పెరిగినా మందు పనిచేస్తున్నట్టే. నిల్వ నిండాలంటే హెచ్‌బీ సరిగ్గా వచ్చాక కూడా మందు ఇంకొన్నాళ్లు సాగాలి. చాక్‌పీసుల డబ్బా అటక ఎక్కింది. బుజ్జి దాన్ని అడగడం కూడా మానేసింది.

ఇక గట్టు మీద నేను నాటి వచ్చినది మిగిలింది. పోస్టాఫీసు ఆయన మనవడికి అంగన్‌వాడీలో 10.6 వచ్చింది. ఇది విని వాళ్లింటికి వెళ్లి, మా సంగతంతా చెప్పి, డాక్టరుకి చూపించమన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, నా మాటలే నాకు వరసగా అప్పజెప్పాడు. వేలి రక్తం, స్పిరిట్, ఒత్తడం, 67, 41, స్వీడన్. ఒక్కటీ మర్చిపోలేదు. పైగా కొత్తది ఒకటి కలిపాడు, అదీ నేనే ఓ రోజు పేపరు చూసి చెప్పినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో హద్దు మార్చింది, ఇప్పుడు పదిన్నర దాటితే చాలు.

"అది రెండేళ్లు నిండని పిల్లలకండీ. నిండితే పదకొండే. మీవాడికి నిండాయి కదా."

"మొన్ననే కదండీ నిండాయి!"

"అదే సంస్థ, అదే కాగితంలో, సిర నుంచి తీసిన రక్తంతో ల్యాబు యంత్రంలో చూడమని కూడా చెప్పింది" అన్నాను. "అలా చూపిద్దాం పదండి."

"అయితే మీరు చెప్పిన నలభై ఒకటి తప్పా?"

"తప్పు కాదు."

"వేలి రక్తం నమ్మొద్దన్నది?"

"అదీ పూర్తిగా తప్పు కాదు."

"మరింకేంటి మాస్టారూ! అంత పసివాడికి సిరంజి ఎందుకు?" అని కాఫీ తెప్పించాడు. వాదనలో ఓడిపోయి ఇంటికొచ్చాను. నేను తయారుచేసిన వాదనకి నేను జవాబు చెప్పలేకపోయాను, అంత పకడ్బందీగా చేశాను.

సాయంత్రం ఆయనకి తెలియకుండా వాళ్ల కోడలికి ఫోన్ చేశాను. నెమ్మదిగా, భయపెట్టకుండా చెబుదామని మొదలుపెట్టాను. ఆ అమ్మాయి మధ్యలోనే అందుకుంది.

"నర్సమ్మ చెప్పినట్టే సిరప్ పడుతూనే ఉన్నానండీ. సోమవారం సీబీపీ చేయించడానికి తీసుకెళ్తున్నాను. మామయ్యగారితో మాత్రం అనకండి మాస్టారు గారూ, మళ్లీ ఆ సర్వేలన్నీ మొదలుపెడతారు."